ల్యాప్‌టాప్ మూగబోయింది: మార్చాల్సింది బోర్డునా, డ్రైవర్‌నా?

ఒక పాఠకురాలు వివరంగా రాసిన ఉత్తరం సారాంశం ఇది. రికార్డు చేసిన ఇంటర్వ్యూలను, సమావేశాలను విని అక్షర రూపంలో రాసి ఇవ్వడం ఆమె వృత్తి. పని అంతా ఇంటి నుంచే, విండోస్ 11 ఉన్న ఒకే ఒక్క ల్యాప్‌టాప్ మీద జరుగుతుంది. దాని వారంటీ గడువు తీరిపోయింది. ఒక అప్‌డేట్ పూర్తయిన మరునాడు స్పీకర్ గుర్తు పక్కన ఆడియో పరికరం ఏదీ లేదన్న సందేశం కనిపించింది. అప్పుడు ఆమె తమ్ముడు, డ్రైవర్లను (పరికరాలను విండోస్‌తో కలిపి నడిపే చిన్న ప్రోగ్రాములను) తనంతట తానే వెతికి పెడుతుందని చెప్పుకునే ఒక ఉచిత ప్రోగ్రామును ఎక్కించాడు. శబ్దం తిరిగి వచ్చింది కానీ మునుపటంత గట్టిగా లేదు. మధ్యమధ్య చిటపటలు వినిపిస్తాయి, వైరు హెడ్‌సెట్‌లోని మైకు పనిచేయదు. రాత్రి షట్‌డౌన్ చేసి ఉదయం తెరిస్తే అసలు శబ్దమే ఉండదు, రీస్టార్ట్ చేస్తే వస్తుంది. బయటి మానిటర్ తగిలించినప్పుడు కొన్నిసార్లు మళ్లీ పోతుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో రికార్డింగులు బాగానే వినిపిస్తాయి గానీ, కాల్ మొదలవగానే గొంతులు గొట్టంలోంచి వచ్చినట్లు మారిపోతాయి. స్నేహితురాలి దగ్గర తెచ్చుకున్న యూఎస్‌బీ హెడ్‌సెట్‌లో మాత్రం ఏ లోపమూ లేదు. యంత్రంలోని పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో చూస్తే లోపాన్ని సూచించే పసుపు గుర్తు ఏదీ లేదు, పరికరం సరిగ్గానే పనిచేస్తోందని రాసి ఉంది.

మరమ్మతు చేసే వ్యక్తి యంత్రాన్ని తెరిచి చూడకుండానే సౌండ్ చిప్ పోయిందని, మదర్‌బోర్డు మార్చాలని అన్నాడట. తమ్ముడేమో మొత్తం ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ ఎక్కిస్తే సరిపోతుందని పట్టుబడుతున్నాడు. పాదంతో నొక్కే పెడల్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ లైసెన్సు, సగంలో ఉన్న పనులు, వాటి గడువులు ఆమెను వెనక్కి లాగుతున్నాయి. ఎవరి మాట వినాలి, తమ్ముణ్ని నొప్పించకుండా ఈ చిక్కులోంచి ఎలా బయటపడాలి అన్నది ఆమె ప్రశ్న.

సమాధానం

ముందు బోర్డు సంగతి చూద్దాం, ఎందుకంటే మీకు ఎక్కువ ఖర్చు తెచ్చిపెట్టే సలహా అదే. మీరు రాసిన వివరాల్లో బోర్డు చెడిపోయిందనడానికి ఆధారం నాకు కనిపించలేదు. చెడిపోలేదనడానికి మాత్రం ఒక బలమైన ఆధారం ఉంది. చనిపోయిన చిప్ రీస్టార్ట్ చేసినంత మాత్రాన బతికి రాదు. లోపల ఎక్కడో అతుకు వదులైతే శబ్దం వస్తూ పోతూ ఉండవచ్చు గానీ, ఆ అతుక్కి మీరు షట్‌డౌన్ నొక్కారా, రీస్టార్ట్ నొక్కారా అన్న తేడా తెలియదు. మీ యంత్రానికి ఆ తేడా తెలుస్తోంది కాబట్టి లోపం సాఫ్ట్‌వేర్ వైపే ఉండే అవకాశం చాలా ఎక్కువ.

ఆ తేడా ఎందుకు వస్తుందంటే, విండోస్ 8 కాలం నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఒకటి ఉంది. అది పనిచేస్తున్నప్పుడు మీరు షట్‌డౌన్ చేస్తే మీరు తెరిచిన ప్రోగ్రాములు మూతపడతాయి గానీ, విండోస్ కేంద్ర భాగమూ డ్రైవర్లూ ఉన్న స్థితి డిస్కులో భద్రమై, మరునాడు అదే స్థితి మెమరీలోకి తిరిగి వస్తుంది. రీస్టార్ట్ చేసినప్పుడు మాత్రం డ్రైవర్లన్నీ మొదటినుంచి కొత్తగా లేస్తాయి. చూడటానికి విచిత్రంగా ఉన్నా, షట్‌డౌన్ కంటే రీస్టార్టే యంత్రాన్ని పూర్తిగా కడుగుతుంది. నిద్రలోంచి లేచినప్పుడు చిప్‌ను సరిగా మేల్కొల్పలేని డ్రైవర్ ఉంటే సరిగ్గా మీకు కనిపిస్తున్న లక్షణమే కనిపిస్తుంది. ఈ రాత్రి షిఫ్ట్ మీటను నొక్కి పట్టుకొని షట్‌డౌన్ ఎంచుకోండి. అలా చేస్తే ఆ ఒక్కసారికి ఫాస్ట్ స్టార్టప్ పక్కకు తప్పుకుంటుంది. ఉదయం శబ్దం ఉంటే అనుమానం దాదాపు తీరిపోయినట్లే. కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో దాన్ని శాశ్వతంగా ఆపుకోవచ్చు కూడా. తెరుచుకోవడానికి కొంచెం ఎక్కువ సమయం పట్టడం తప్ప నష్టం లేదు, అయితే అది లక్షణాన్ని అణచడమే తప్ప డ్రైవర్‌ను బాగుచేయడం కాదని గుర్తుంచుకోండి.

మీ ఉత్తరంలో అన్నీ ఒకే జబ్బుగా కనిపిస్తున్న ఫిర్యాదుల్లో రెండింటికి మీ డ్రైవర్‌తో సంబంధమే లేదు. వాటిని ముందు పక్కకు తీస్తే మిగిలినది తేలికవుతుంది.

మొదటిది మానిటర్. హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ కేబుళ్లు బొమ్మతోపాటు శబ్దాన్ని కూడా మోస్తాయి, అందుకోసం గ్రాఫిక్స్ డ్రైవర్ తన సొంత ఆడియో పరికరాన్ని ఒకదాన్ని సృష్టిస్తుంది. మానిటర్ తగిలించగానే విండోస్ కొన్నిసార్లు దాన్నే ప్రధాన మార్గంగా ఎంచుకుంటుంది. ఆ మానిటర్‌కు స్పీకర్లు లేకపోతే శబ్దం అక్కడికి చేరి అక్కడే ఆగిపోతుంది. సౌండ్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ కింద ల్యాప్‌టాప్ స్పీకర్లను మళ్లీ ఎంచుకోండి. మానిటర్ ద్వారా ఎప్పుడూ వినబోరు కాబట్టి ఆ పరికరాన్ని డిసేబుల్ చేసినా ఇబ్బంది లేదు. తీసివేయవలసిన పని మాత్రం లేదు, తీసివేసినా అది మళ్లీ వస్తుంది.

రెండవది బ్లూటూత్. మామూలు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు సంగీతం వినడానికి ఒక పద్ధతిలో, మైకుతో సహా మాట్లాడటానికి మరొక పద్ధతిలో పనిచేస్తాయి. మైకు తెరుచుకున్న క్షణాన రెండో పద్ధతిలోకి మారి, శబ్దం నాణ్యత పడిపోతుంది. కాల్ చేసే ప్రోగ్రాము సెట్టింగుల్లో మైకుగా ల్యాప్‌టాప్ మైకును ఎంచుకొని, ఇయర్‌ఫోన్లను వినడానికి మాత్రమే వదిలేస్తే సమస్య పోతుంది. ఇందుకోసం డ్రైవర్లను కదిలించవద్దు.

ఇక మిగిలినవి చిటపటలు, తగ్గిన శబ్దం, పనిచేయని హెడ్‌సెట్ మైకు, ఉదయపు నిశ్శబ్దం. ఈ నాలుగూ ఒకే చోటికి దారి తీస్తున్నాయి.

ప్రోగ్రాము నుంచి బయలుదేరిన శబ్దం విండోస్ ఆడియో సర్వీసు దగ్గర మిగతా శబ్దాలతో కలిసి, డ్రైవర్ చేతికి వెళ్లి, అక్కడి నుంచి బోర్డు మీది కంట్రోలర్ ద్వారా, శబ్దపు అంకెలను విద్యుత్ సంకేతాలుగా మార్చే కోడెక్ అనే చిప్‌కు చేరి, ఆంప్లిఫయర్ దాటి స్పీకర్లలోకి వస్తుంది. చివరి పొలానికి నీళ్లు అందకపోతే కాలువ వెంట పైకి నడుచుకుంటూ వెళ్లి ఎక్కడ తెగిందో చూసుకున్నట్లే, ఇక్కడ కూడా ఏ మలుపు దగ్గర ఆగిందో చూడాలి. మీ స్నేహితురాలి యూఎస్‌బీ హెడ్‌సెట్ ఆ నడకలో సగం దూరాన్ని మీకు తెలియకుండానే పూర్తి చేసింది. అది తన లోపల సొంత కోడెక్‌ను పెట్టుకొని, విండోస్‌లోనే ఉండే సాధారణ యూఎస్‌బీ ఆడియో డ్రైవర్‌తో నడుస్తుంది. అందులో శబ్దం స్వచ్ఛంగా వస్తోందంటే ప్రోగ్రాములూ, ఆడియో సర్వీసూ బాగున్నట్లే. దానిలో కూడా చిటపటలు వచ్చి ఉంటే వైఫై, గ్రాఫిక్స్ వంటి వేరే డ్రైవర్లు ప్రాసెసర్‌ను ఎక్కువసేపు పట్టి ఉంచుతున్నాయేమోనని వెతకమని చెప్పేవాణ్ని. మీకు ఆ శ్రమ అక్కర్లేదు.

మరి డివైస్ మేనేజర్ అంతా బాగుందని ఎందుకు చెబుతోందన్న సందేహం మీకు రావచ్చు. ఆ వాక్యానికి అర్థం డ్రైవర్ లోడ్ అయింది, మొదలైంది అన్నంత వరకే. అది మీ యంత్రానికి తగినదా కాదా అన్నది ఆ వాక్యం చెప్పదు. పైగా మీరు చూసింది బహుశా శబ్దం ఉన్న సమయంలో. శబ్దం లేని ఉదయాన, రీస్టార్ట్ చేయకముందే చూడండి. అప్పుడు పసుపు గుర్తు ఉంటే ప్రాపర్టీస్‌లో ఉన్న కోడ్ సంఖ్యను రాసుకోండి. 10 ఉంటే పరికరం మొదలు కాలేకపోయింది, 28 ఉంటే డ్రైవరే లేదు, 39 ఉంటే డ్రైవర్ ఫైలు పాడైంది లేదా కనబడటం లేదు, 52 ఉంటే డ్రైవర్ మీది డిజిటల్ సంతకాన్ని విండోస్ నిర్ధారించుకోలేకపోయింది. సౌండ్ విభాగంతోపాటు సిస్టమ్ డివైసెస్ విభాగాన్ని కూడా చూడాలి. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో కోడెక్‌కు ముందు ఇంటెల్ స్మార్ట్ సౌండ్ టెక్నాలజీ వంటి మరో మెట్టు అక్కడ ఉంటుంది. ఆ మెట్టు విరిగితే కింద ఉన్న ఆడియో పరికరం పేరుకు కూడా కనిపించదు. అప్‌డేట్ తరువాత పరికరమే లేదన్న మొదటి సందేశం వెనుక ఉన్నది ఇదే కావచ్చు.

మీ తమ్ముడు ఎక్కించిన ప్రోగ్రాము ఏమి చేసి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఒకే కోడెక్ చిప్‌ను అనేక కంపెనీలు తమ ల్యాప్‌టాప్‌లలో వాడతాయి. చిప్ ఒకటే అయినా దాని ఏ కాలికి స్పీకరు, ఏ కాలికి మైకు కలిపారు, ఆంప్లిఫయర్‌ను ఎంత స్థాయిలో నడపాలి, ఒకే రంధ్రంలో హెడ్‌ఫోన్‌నూ మైకునూ ఎలా గుర్తించాలి అన్నవి ల్యాప్‌టాప్ తయారీదారు నిర్ణయాలు. విండోస్ 10 వచ్చాక ఈ నిర్ణయాలను మూల డ్రైవర్‌లో కలపకుండా దానికి తోడుగా వచ్చే వేరే భాగంలో పెట్టడం మామూలైంది. చిప్ పేరు చూసి మూల డ్రైవర్‌ను మాత్రమే తెచ్చి పెట్టే ప్రోగ్రాము ఆ తోడు భాగాన్ని వదిలేస్తుంది. అందుకే శబ్దం వస్తుంది కానీ తక్కువగా వస్తుంది, మైకు మాయమవుతుంది. ఇలాంటి ప్రోగ్రాములు అందరికంటే కొత్త డ్రైవర్‌ను వెతుకుతాయి, మీకు కావలసినదేమో మీ మోడల్ కోసం తయారైనది, అది ఏడాది పాతదైనా సరే. తేదీని చూసి డ్రైవర్ మంచిచెడ్డలు నిర్ణయించకూడదనడానికి ఒక తమాషా ఉదాహరణ ఉంది. మైక్రోసాఫ్ట్ తన సొంత సాధారణ డ్రైవర్లకు ఎప్పుడు తయారు చేసినా కావాలనే 2006 జూన్ 21 అనే తేదీ వేస్తుంది, పోటీలో తయారీదారు డ్రైవరే గెలవాలని. కాబట్టి డివైస్ మేనేజర్‌లో ఆ తేదీ చూసి కంగారు పడకండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు చెబుతాను. ఏ దారిలో వెళ్లినా ముందు పని ఫైళ్లను వేరే డిస్కులోకి కాపీ చేసుకొని, అవసరమైతే విండోస్‌ను ఇప్పటి స్థితికి తిప్పుకోవడానికి ఒక రిస్టోర్ పాయింట్ సృష్టించుకొని, ఆ డ్రైవర్ ప్రోగ్రామును తొలగించండి. అది ఉన్నంతకాలం మీరు తీసిన డ్రైవర్‌ను మళ్లీ పెట్టే ప్రమాదం ఉంటుంది.

అన్నిటికంటే తక్కువ శ్రమ రోల్ బ్యాక్ డ్రైవర్ బటన్. డివైస్ మేనేజర్‌లో ఆడియో పరికరం ప్రాపర్టీస్ తెరిస్తే డ్రైవర్ ట్యాబ్‌లో ఉంటుంది. అది ఒక్క మెట్టు మాత్రమే వెనక్కి వెళ్తుంది. ఆ ప్రోగ్రాము ఒకటికి రెండుసార్లు డ్రైవర్ మార్చి ఉంటే వెనుక మెట్టు కూడా తప్పుడుదే కావచ్చు. బటన్ బూడిదరంగులో ఉంటే వెనక్కి వెళ్లడానికి ఏమీ లేదని అర్థం.

నేను మీకు సూచించే ప్రధాన మార్గం ల్యాప్‌టాప్ తయారీదారు ఇచ్చే ప్యాకేజీ. యంత్రం అడుగున ఉన్న మోడల్ సంఖ్య లేదా సీరియల్ సంఖ్యతో వారి సపోర్ట్ విభాగంలో వెతికి, ఆడియో డ్రైవర్‌తోపాటు, బోర్డు మీది భాగాలను నడిపే చిప్‌సెట్ డ్రైవర్లను కూడా ముందే దించి పెట్టుకోండి. తరువాత ఇంటర్నెట్ ఆపండి, లేకపోతే మీరు పాతది తీసిన మరుక్షణం విండోస్ తనకు తోచినది తెచ్చి పెడుతుంది. ఆడియో పరికరాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డ్రైవర్‌ను కూడా తొలగించాలా అని అడిగే గడిలో టిక్కు పెట్టండి. ఆ టిక్కు పెట్టకపోతే పరికరం పేరు పోతుంది గానీ డ్రైవర్ ఫైళ్లు విండోస్ గిడ్డంగిలోనే ఉండి, రీస్టార్ట్ చేయగానే మళ్లీ వచ్చి కూర్చుంటాయి. చాలామంది పదేపదే తీసివేసి కూడా ఫలితం లేదని విసుగు చెందేది ఇక్కడే. టిక్కు పెట్టి తీసిన తరువాత కూడా ఇంకో పాత డ్రైవర్ పైకి తేలవచ్చు. సాధారణ పేరు కనిపించే వరకూ లేదా ఏమీ మిగలని వరకూ అదే పని మళ్లీ చేయండి. ఆ తరువాత ముందు చిప్‌సెట్‌వి, పిమ్మట ఆడియోవి ఎక్కించి రీస్టార్ట్ చేయండి. పొరపాటున గ్రాఫిక్స్ వారి ఆడియో పరికరాన్ని తీసేస్తామేమోనన్న భయం ఉంటే, వివరాల ట్యాబ్‌లోని హార్డ్‌వేర్ ఐడీలలో తయారీదారు సంకేతం చూడండి. ఆడియో పరికరానికి 8086 ఉంటే అది ఇంటెల్‌ది, 1002 ఉంటే ఏఎండీది. సౌండ్ విభాగంలో ఈ రెండు సంకేతాలూ సాధారణంగా మానిటర్ శబ్దానికి చెందినవే.

దీని పర్యవసానం కూడా తెలుసుకోండి. సరైన డ్రైవర్ పెట్టిన కొన్ని వారాలకు మరో అప్‌డేట్ దాన్ని మార్చవచ్చు. మీది విండోస్ ప్రో అయితే, అప్‌డేట్లతో డ్రైవర్లు రాకుండా ఆపే విధానం గ్రూప్ పాలసీ అనే సెట్టింగుల సాధనంలో ఉంది. హోమ్ అయితే ఆ సాధనం ఉండదు, అప్‌డేట్లను కొద్దికాలం నిలిపి ఉంచవచ్చు గానీ, భద్రతా అప్‌డేట్లు కూడా ఆగిపోతాయి కాబట్టి ఎక్కువకాలం అలా ఉంచమని చెప్పను. పనిచేసిన ప్యాకేజీని పెన్‌డ్రైవ్‌లో దాచుకోవడం ఇంతకంటే మేలు.

తయారీదారు ప్యాకేజీ దొరకకపోయినా, దానితో కూడా చిటపటలు పోకపోయినా, విండోస్‌లోనే ఉండే హై డెఫినిషన్ ఆడియో డివైస్ అనే సాధారణ డ్రైవర్‌ను ప్రయత్నించవచ్చు. అప్‌డేట్ డ్రైవర్ నొక్కి, కంప్యూటర్‌లోనే వెతుకుతానని చెప్పి, జాబితా నుంచి స్వయంగా ఎంచుకోవాలి. సౌండ్ ఎఫెక్టులు, కొన్నిసార్లు హెడ్‌ఫోన్ పెట్టగానే గుర్తించే తెలివి పోతాయి. ప్రత్యేక ఆంప్లిఫయర్లు ఉన్న కొన్ని ల్యాప్‌టాప్‌లలో లోపలి స్పీకర్లు మూగగానే ఉండిపోతాయి. మాట స్పష్టంగా వినబడితే చాలనుకునే మీ పనికి ఈ నష్టాలు పెద్దవి కావు, నచ్చకపోతే నిమిషాల్లో వెనక్కి మార్చుకోవచ్చు. సౌండ్ సెట్టింగ్స్‌లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆపి చూడటం కూడా ఈ సందర్భంలోనే చేయండి. చిటపటలకు కొన్నిసార్లు అదే కారణం.

ఇక ఫార్మాట్. మీ తమ్ముడి సలహా పూర్తిగా తప్పని అనను, కానీ దాని బేరం మీకు లాభసాటి కాదు. ఫైళ్లను ఉంచే రీసెట్ ఎంచుకున్నా మీరు ఎక్కించిన ప్రోగ్రాములన్నీ పోతాయి. పెడల్ సాఫ్ట్‌వేర్ లైసెన్సును ముందే విడుదల చేసుకోకపోతే మళ్లీ పొందడానికి ఉత్తర ప్రత్యుత్తరాలు నడపాలి. ఇంతా చేశాక మొదట ఇబ్బంది పెట్టిన అదే డ్రైవర్‌ను అప్‌డేట్ మళ్లీ తెచ్చి పెట్టవచ్చు. అతను తప్పదంటే మధ్యేమార్గం ఒకటి ఉంది. కొత్త అప్‌డేట్లు ఉన్న విండోస్ 11లో సిస్టమ్, రికవరీ కింద విండోస్ అప్‌డేట్ ద్వారా సమస్యలను సరిచేసే ఏర్పాటు ఉంది. అది ఫైళ్లనూ ప్రోగ్రాములనూ సెట్టింగులనూ ఉంచుతూనే విండోస్‌ను మళ్లీ ఎక్కిస్తుంది. దానికి కూడా పైన చెప్పిన దారులు విఫలమైన తరువాతే వెళ్లండి.

తమ్ముడికి ఏమని చెప్పాలి అన్నది మీరు అనుకున్నంత కష్టం కాదనిపిస్తోంది. శబ్దం అసలు లేని స్థితి నుంచి అతను దాన్ని కొంతైనా తెచ్చాడు, ఆ మాట ముందు చెప్పండి. ఆపై అతని ఉత్సాహానికి సరిపోయే పని ఒకటి అప్పగించండి. ఒక పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు వంటి లినక్స్‌ను సిద్ధం చేసి, ల్యాప్‌టాప్‌లో ఎక్కించకుండా దాని నుంచే యంత్రాన్ని తెరిచి శబ్దం వస్తోందో లేదో చూడమనండి. వస్తే చిప్, స్పీకర్లు బాగున్నాయని తేలిపోతుంది. రాకపోతే మాత్రం చిప్ పోయిందని తీర్మానించకూడదు, ఎందుకంటే కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లకు లినక్స్‌లో అదనపు ఫర్మ్‌వేర్ (చిప్ లోపల నడిచే ప్రోగ్రాము) కావాలి. యంత్రం డిస్క్ బిట్‌లాకర్‌తో తాళం వేసి ఉంటే రికవరీ కీని ముందే రాసి పెట్టుకోమని చెప్పండి. బూట్ సెట్టింగులు మారినప్పుడు విండోస్ దాన్ని అడగవచ్చు.

గడువు దగ్గర పడిన పని ఉంటే ఇవేవీ ఇవాళే మొదలుపెట్టకండి. ఒక యూఎస్‌బీ హెడ్‌సెట్‌ను లేదా చిన్న యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్‌ను సొంతానికి తీసుకొని పని పూర్తి చేయండి. లోపలి లోపం అలాగే ఉంటుంది, ఒక పోర్టు దానికే పోతుంది, అంతకు మించి నష్టం లేదు. నిజానికి మీ వృత్తిలో ఉన్నవారికి ఇది తాత్కాలిక ఏర్పాటుగా కంటే శాశ్వత ఏర్పాటుగానే నయమని నా అభిప్రాయం. మరే డ్రైవర్ ఏమైనా మీ పని ఆగదు.

తయారీదారు ప్యాకేజీతో, సాధారణ డ్రైవర్‌తో, లినక్స్‌తో కూడా లోపలి స్పీకర్లు, హెడ్‌ఫోన్ రంధ్రం రెండూ మూగగానే ఉంటే, అప్పుడు హార్డ్‌వేర్‌ను అనుమానించవచ్చు. చాలా ల్యాప్‌టాప్‌లలో విండోస్ తెరుచుకోకముందే నడిచే తయారీదారు పరీక్షలు ఉంటాయి, వాటిలో స్పీకర్ల పరీక్ష ఉందేమో చూసి దాన్ని నడపండి. విండోస్ కంటే ముందు తెరుచుకునే బయాస్ సెట్టింగుల్లో ఆడియో ఆపి ఉందేమో కూడా చూడండి. అంతవరకు వెళ్లవలసి వస్తే మరమ్మతు చేసే వ్యక్తికి ఈ ఫలితాలన్నీ కాగితం మీద రాసి ఇవ్వండి. బోర్డు మార్చాలన్న మాట మళ్లీ వస్తే, ఏ పరీక్షలో చిప్ విఫలమైందో చూపించమని అడిగి, చూపించిన తరువాతే యంత్రాన్ని వదిలిపెట్టండి.